ఎలాదియో చెప్పని మాట

"మీటింగ్‌కి ఎంతమంది వచ్చారేంటి?" పడవ తాడు విప్పుతూ అడిగాడు ఎలాదియో.

"ఒక కుక్క," అంది యస్నా. "అదీ వాన పడుతోందని లోపలికొచ్చింది."

అతనికి నవ్వాగలేదు. ఆమె మొహం కందగడ్డ అయింది.

"నేను రేవులో పోస్టరు అంటిస్తుంటే మీరు పక్కనే నిలబడి చూశారుగా! ఎవరూ రారని ముందే చెప్పొచ్చు కదా?"

"మీరు అడగలేదుగా. మా లిన్‌కాయ్ దీవిలో పోస్టరు చూసి ఎవరూ కదలరండీ. గడప తొక్కి అడిగితే మాత్రం కాదనరు."

"అయితే వచ్చే శనివారం గడపలే తొక్కుతాను. మీరూ రండి, దారి చూపిద్దురుగాని."

ఎలాదియో తల ఊపాడు. ఆ తల ఊపడంతోనే అతని కష్టాలు మొదలయ్యాయి.

యస్నాది పట్నం యూనివర్సిటీలో ఉద్యోగం. చిలోయే దీవుల్లో చురుకైన పిల్లల్ని వెతికి, శనివారాల్లో కాస్త్రో ఊళ్ళో జరిగే ప్రత్యేక క్లాసులకి పంపమని తల్లిదండ్రుల్ని ఒప్పించాలి. ఒక దీవిలో ఒప్పుకోగానే ఇంకో దీవికి పోవాలి. ఎలాదియోది లిన్‌కాయ్‌కీ కాస్త్రోకీ మధ్య తిరిగే పడవ. ఆమె ఎక్కినప్పుడల్లా ఇంజను పక్కన వెచ్చగా ఉండే చోటు ఆమెకే ఇచ్చేవాడు. మిగతా ప్రయాణికులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. దీవి చిన్నది, నోళ్ళు పెద్దవి.

ఆ దీవిలో అందరూ హెర్మిందా అవ్వ మాట వింటారు. అవ్వ మనవరాలు రాయెన్ నాలుగో తరగతి. మహా తెలివైన పిల్ల. లెక్క బోర్డు మీద పూర్తి కాకముందే జవాబు చెప్పేసి, పై తరగతి ప్రశ్నలు అడిగి, టీచరుకి కోపం తెప్పించి బయట నిలబడేది. అవ్వ సరేనంటే మిగతా ఇళ్ళవాళ్ళూ సరేనంటారు.

శనివారం అవ్వ వంటింట్లో కట్టెల పొయ్యి చుట్టూ అందరూ కూర్చున్నారు. మాతే అనే ఆకు టీ నింపిన సొరబుర్ర చేతులు మారుతోంది. ఒకే గొట్టంతో అందరూ పీల్చాలి, మళ్ళీ అవ్వే వేణ్ణీళ్ళు పోసి పక్కవాళ్ళకిస్తుంది. యస్నా తన వంతు తాగి, బుర్ర తిరిగిచ్చి, ఎంతో మర్యాదగా అంది:

"చాలా థాంక్స్, అవ్వా!"

అవ్వ తల పంకించింది. తర్వాత బుర్ర అందరి దగ్గరికీ వెళ్ళింది గానీ యస్నా దగ్గరికి మాత్రం రాలేదు. ఆమె క్లాసుల సంగతి ఎత్తబోయేసరికి అవ్వ లేచి, "వాన పెరిగేట్టుంది, జాగ్రత్తగా వెళ్ళమ్మా," అనేసింది.

బుర్ర తిరిగిచ్చేటప్పుడు థాంక్స్ చెప్పారంటే, ఇక చాలు, బయల్దేరతాను అన్నట్టు. అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. యస్నాకి తెలియదు. ఇల్లిల్లూ తిరిగి, మొదటి గుక్కకే థాంక్స్ చెప్పి, మాట మొదలవకముందే ముగించుకుని వచ్చేసింది.

ఎలాదియో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పడవెక్కాక చెబుదామనుకున్నాడు. ఆమె తడిసిన జుట్టు తుడుచుకుంటూ, "మళ్ళీ వచ్చే శనివారం రావాల్సిందే," అని నిట్టూర్చింది. వచ్చే శనివారం! అంతే, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది.

ఆ శనివారం గడిచిపోయింది, దాని తర్వాతది కూడా. ఆమె రావడం, ఓడిపోవడం, మళ్ళీ వస్తాననడం. ఆమె లేని రోజుల్లో సముద్రం ఉత్త ఉప్పునీళ్ళలా కనిపించేదతనికి. ఆమె ఓడిపోతే సంతోషించే వెధవని తనేనని తెలుసు. తెలిసీ మానుకోలేకపోయాడు.

ఒకరోజు రాయెన్ రేవుకొచ్చింది.

"మామా, టీచరక్క క్లాసులు మొదలవుతాయా?"

"చూడాలే."

"లేకపోయినా ఫర్లేదులే. తెలిసినా తెలియనట్టు కూర్చోవడం నాకిప్పుడు బాగా వచ్చేసింది. బయట నిలబెట్టట్లేదు."

ఆ పిల్ల నవ్వుతూనే అంది. ఎలాదియోకి మాత్రం అన్నం సయించలేదు.

ఆ శనివారం వానలో, సగం దారిలో ఇంజను ఆపేశాడు.

"మాతే తాగి థాంక్స్ చెప్పకండి. చెబితే మీరు లేచి వెళ్ళిపోతున్నట్టు. అందుకే ఎవరూ మీ మాట వినలేదు."

యస్నా తెల్లబోయింది. "ఈ సంగతి మీకు..."

"మొదటిరోజే తెలుసు. ఇప్పుడు రాయెన్ జవాబులు తెలిసీ చెప్పడం మానేసిందట."

"మరి ఇన్నాళ్ళూ నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నారా? పిల్లల చదువండీ అది! ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ పనైపోతుంది. పనైపోతే మీరు వెళ్ళిపోతారు."

వాన పడుతూనే ఉంది. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. "పడవ నడపండి," అంది.

ఆరోజు అవ్వ ఇంట్లో యస్నా, బుర్ర తన చేతికొచ్చిన ప్రతిసారీ తాగి, నోరు మెదపకుండా తిరిగిచ్చింది. బంగాళాదుంప రొట్టెలు కూడా వచ్చాయి. అప్పుడు అవ్వే కదిపింది.

"పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. తెలివైన పిల్లకి మళ్ళీ వేరే క్లాసులెందుకే?"

"పరిమళిస్తుంది అవ్వా. నీళ్ళు పొయ్యకపోతే వాడిపోతుంది కూడా. రాయెన్ జవాబులు తెలిసీ చెప్పడం మానేసింది, తెలుసా మీకు?"

అవ్వ మనవరాలి వైపు తిరిగింది. రాయెన్ తల దించుకుంది.

"నిజమేనా తల్లీ?"

పిల్ల తలూపింది. అవ్వ కళ్ళొత్తుకుని, "ఎలాదియో! శనివారం పడవలో దీనికి చోటుంచు," అంది.

సాయంత్రానికి మిగతా ఇళ్ళూ ఒప్పుకున్నాయి. కాస్త్రో రేవులో దిగి యస్నా వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. దక్షిణపు దీవులకి పంపారని తర్వాత ఎవరో చెప్పారు.

చలికాలమంతా ఎలాదియో శనివారాల్లో పిల్లల్ని తీసుకెళ్ళాడు. రాయెన్ దారిపొడుగునా ప్రశ్నలతో అతని బుర్ర తినేసేది. ఆ గోల వింటుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. ఇంజను పక్క చోటు మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆమె ఫోన్ నంబరుంది. ఏ మొహంతో చేస్తాడు?

చలి తగ్గింది. శనివారం కాని ఒక రోజు, కాస్త్రో రేవులో జనం పడవెక్కుతుంటే, "లిన్‌కాయ్‌కి ఒక టికెట్టు," అని వినిపించింది.

అతను గబుక్కున తిరిగి చూశాడు.

"అక్కడ మీ పనైపోయిందిగా."

"అయిపోయింది."

"పిల్లలెవరైనా మానేస్తామన్నారా?"

"లేదు."

"మరి?"

"సెలవు పెట్టాను. ఏ పనీ లేదు," అంది యస్నా. "పని లేకపోతే నేను రానని అనుకునే మనిషొకడున్నాడు. మూడు నెలలు కోపంగా ఉందామని చూశాను, కుదరలేదు. అతన్నోసారి చూసి పోదామని వచ్చా."

ఎక్కినవాళ్ళంతా మాటలాపేసి చెవులప్పగించారు. అయినా ఈసారి ఎలాదియో మాట మింగలేదు.

"వెళ్ళకు, యస్నా."

ఆమె ఇంజను పక్కకి వెళ్ళి కూర్చుంది.

"ఇంకా రానేలేదు," అంది. "ముందు పడవ తియ్యి."