మూడు గదుల్లో మూడు కాపీలు

సెప్టెంబర్ 18. ఉదయం 8:10.

భుయ్యాడీహ్ బస్తీలోని కార్మికుల క్లినిక్‌లో మూడు సర్వర్లు చచ్చిపడి ఉన్నాయి. మూడు వేర్వేరు గదుల్లో, మూడు వేర్వేరు కరెంటు లైన్ల మీద.

వాటితోపాటు రెండొందల పద్నాలుగు మంది ఎక్స్‌రేలు పోయాయి. అందరూ ఊరి బయటి ఫౌండ్రీలో ఇసుక దుమ్ము పీల్చినవాళ్లు. ఆ దుమ్మే వాళ్ల ఊపిరితిత్తుల్ని తినేసిందని ఇరవై రెండున లేబర్ కోర్టులో చూపించాలి. సాక్ష్యం ఆ ఎక్స్‌రేలే. బతికున్నవాళ్లకి మళ్లీ తీయొచ్చు. చనిపోయిన పదకొండు మందికి ఎలా తీస్తారు?

సైబర్ ఇన్‌స్పెక్టర్ శైలజని ఆ పదకొండే కుదురుగా కూర్చోనివ్వలేదు.

ముందు ప్రియని పిలిచింది. సర్వర్లు పెట్టిన ఇంజనీర్. ఇల్లు అదే ఊళ్లో, కద్మా పేటలో.

"కొత్త స్టోరేజ్ ఎప్పుడు పెట్టావు?"

"పదిహేనున, మేడమ్. కుబెర్నెటిస్ క్లస్టర్ మీద."

"నాకర్థమయ్యేలా చెప్పు."

"మూడు మిషన్లూ కలిసి ఒకే డిస్కులా పనిచేస్తాయి. ప్రతి ఎక్స్‌రేకి మూడు కాపీలు, మిషన్‌కొకటి. ఏక్ మర్ భీ జాయే తో బాకీ దో సంభాల్ లేతే హై. ఒకటి చచ్చినా మిగతా రెండూ కాచుకుంటాయి. అందుకే వేర్వేరు గదుల్లో పెట్టాను."

"పాత హార్డ్ డిస్క్?"

"పదహారున తుడిచేశాను. మూడు కాపీలున్నాయి కదా అనుకున్నాను."

క్లినిక్ సెక్రటరీ సీతారామరావు ఇక ఆగలేదు. "వినండి మేడమ్. పదహారున తుడిచింది, పదిహేడున ఇవి చచ్చాయి. ఫౌండ్రీవాళ్లు ఈ పిల్లని కొనేశారు. ఇంకా ఏం తేలాలి?"

నిజానికి శైలజకీ అలాగే అనిపించింది. ఇరవయ్యో తేదీ సాయంత్రం నాలుగింటికి ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా.

మూడింటిలోనూ డిస్కులన్నీ హై ఓల్టేజికి మాడిపోయాయి. రికవరీ అసాధ్యం. చివర్లో ఎవరూ పట్టించుకోని ఒక లైను ఉంది. మూడు సర్వర్ల ఫ్యాన్లలోనూ బంతిపూల రేకులు.

ఇరవై ఒకటి. ఉదయం పదకొండు. శైలజ అందరినీ క్లినిక్ వరండాలో కూర్చోబెట్టింది.

"పదిహేడున సర్వర్లు నెట్‌వర్క్ నుంచి తెగిన టైములు 10:02, 10:06, 10:10. పగబట్టినవాడైతే మూడింటినీ ఒక్కసారే ఆపుతాడు. నాలుగేసి నిమిషాలు ఎందుకు?"

శైలజ లోపలి గది వైపు చూపించింది.

"గదిలోంచి ఒక సర్వర్‌ని ఈ వరండాకి మోశాను. వెళ్లి రావడానికి నిమిషమున్నర పట్టింది. నాలుగు నిమిషాలు పట్టాలంటే మోసినవాళ్లు మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇక ఫ్యాన్లలో దొరికిన పూరేకు. ఆగిన ఫ్యాన్ దాన్ని లోపలికి లాగదు. అంటే దండ వేశాక మిషన్ నడిచింది. గదుల్లో సర్వర్లకి ఇనుప జాలీ ఉంది, దండ వేసే చోటే లేదు, అంటే బయటికి తెచ్చాకే వేశారు. పదిహేడు విశ్వకర్మ పూజ, యంత్రాల పండగ. ఈ ఊళ్లో ఆ రోజు దండ పడని మిషన్ ఉందా?"

పూజ పందిరి ఈ వరండాలోనే వేశారు. పన్నెండు కావస్తుండగా పందిరి జనరేటర్ ఓల్టేజి ఎగిరి బల్బులన్నీ పేలిన సంగతి అందరికీ తెలుసు. అప్పుడు నవ్వుకున్నారు కూడా.

గుమ్మం దగ్గర నిలబడ్డ పనివాడు దేముడు దగ్గాడు. అరవై దాటిన మనిషి. క్లినిక్ తుడుస్తాడు, తాళాలు అతని దగ్గరే ఉంటాయి. ఆ పదకొండు మందిలో అతని కొడుకు పైడిబాబు ఒకడు.

"తాతా, నువ్వేనా?" శైలజ మెల్లగా అడిగింది.

"నేనేనమ్మా. మూడూ ఒకే పేనమని ఈ పాపే సెప్పింది. పండగ పూట ఇడివిడిగా ఉంచితే తప్పు కాదా? ఒక్కదగ్గిర పెట్టి బొట్టెట్టినాను. పచ్చ లైట్లు ఎలగకపోతే పేనం నేనట్టుంతాదని పందిరి కరెంటు పెట్టినాను. బల్బులు పేలిన తరవాత ఎలగనేదు. రెస్టు తీసుకుంతన్నాయనుకొని మళ్లీ గదుల్లో ఎట్టేసినాను."

"మూడు రోజులుగా ఎందుకు చెప్పలేదు?"

"ఎవులూ అడగనేదమ్మా. పాస్‌వర్డ్ ఉన్నోళ్లనే అడిగినారు."

ప్రియ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ మాట తనే చెప్పింది, చదువురాని మనిషికి అర్థం కావాలని. శైలజకి సిగ్గేసింది. ఈ గుమ్మం దాటిన ప్రతిసారీ అతను లేచి నిలబడ్డాడు. తను ఒక్కసారి కూడా పలకరించలేదు.

"రాసుకో తల్లీ, నేనే సేసినానని. ఆ పాపని వొదిలీ."

శైలజ రాసింది. అతను వేలిముద్ర వేశాడు. వేలు తుడుచుకోవడం మరచిపోయి అలాగే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పోటో నేకపోతే మావోడు దుమ్ము తాగి పోనేదంతారా రేపు కోర్టులో?"

అబద్ధం చెప్పాలని శైలజకి ప్రాణం కొట్టుకుంది. కానీ చెబితే, రేపు అదే కోర్టులో ఆ మాట అతను ఒంటరిగా వినాలి.

"అంతారు తాతా," అంది.