బావ నమ్మిన మూడో సెన్సార్

"నిన్న చనిపోయిన టెస్ట్ ఇంజినీర్ నీకేమవుతాడు?" ఫైలు మీంచి తలెత్తకుండా అడిగాడు చీఫ్.

"మా అక్క భర్త సార్. బావ."

"ఆయన మీద రిపోర్ట్ రాసింది నువ్వే."

ఏజెంట్ తల దించుకున్నాడు. కొత్త హైస్పీడ్ రైలు బ్రేకుల ఒత్తిడిని మూడు సెన్సార్లు కొలుస్తాయి. రెండు ఒక మాట మీద ఉండి మూడోది తేడాగా చెబితే, కంప్యూటర్ మూడోదాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆ మూడోదే నిజమని, ట్రయల్ ఆపమని బావ నెల రోజులు మొత్తుకున్నాడు. కావాలనే పని చెడగొడుతున్నాడని, శత్రువుల మనిషని ఏజెంట్ రాసిచ్చాడు. బావ ఉద్యోగం ఊడింది. నిన్న ల్యాబ్ గేటు దగ్గర ఎవరో సైలెన్సర్ తుపాకీతో కాల్చేశారు.

"ఆయన శత్రువుల మనిషే అయితే వాళ్లెందుకు చంపుతారు?" అన్నాడు చీఫ్. "పదకొండింటికి ట్రయల్ రన్. రెండొందల మంది ఎక్కుతున్నారు. రుజువు లేనిదే పైవాళ్లు ఆపరు. కంట్రోల్ రూమ్‌లో నెమలిని కలువు."

నెమలి అనే మారుపేరుతో పనిచేసే గూఢచారిణి రెండు దేశాల జీతం తీసుకుంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. అందగత్తె కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు.

మెకానిక్ వేషంలో ఏజెంట్ లోపలికి వెళ్లేసరికి పది యాభై ఏడు.

"ఏసీ బాగుచేయాలా మేడమ్?"

"చల్లదనం ఎక్కువైంది." కోడ్ కలిసింది. ఆమె నల్లకళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మొదటి సెన్సారూ రెండోదీ నేనే మార్చాను. ఎప్పుడూ ఒకటే అంకె చూపిస్తాయి. నా పని అంతవరకే. ఆ ఇంజినీర్ని చంపుతారని నాకు చెప్పలేదు."

స్క్రీన్ మీద పచ్చ లైటు. ఇంకో నలభై సెకన్లు. ఆగి ఉన్న రైలు సెన్సార్ల కేబుళ్లు వచ్చి చేరే బల్ల కింద ఏజెంట్ దూరాడు. ఒకసారి భోజనాల దగ్గర బావ చెప్పాడు: "తప్పు సెన్సార్లలో ఒకటి పోతే, మిగిలిన రెండూ చెరో మాట చెప్పి కొట్టుకుంటాయి. అప్పుడు కంప్యూటర్ బండి కదలనివ్వదు." ఆరోజు తను ఫోన్ చూసుకుంటూ ఊకొట్టాడు. పెన్నులోంచి బ్లేడు తీసి మొదటి సెన్సార్ కేబుల్ కోసేశాడు.

రెండు సెకన్లు ఉండగా ఎర్ర లైటు వెలిగింది. రైలు కదల్లేదు. బ్రేకు పైపులో ఒత్తిడి సగం కూడా లేదని తనిఖీలో తేలింది. నెమలి తనంతట తానే చేతులు చాపి బేడీలు వేయించుకుంది.

మధ్యాహ్నం అక్క తలుపు తీసింది.

"బావ చెప్పిందే నిజం అక్కా."

"నాకు తెలుసురా." ఆమె తలుపు పట్టుకునే నిలబడింది. "రిపోర్ట్ నువ్వే రాశావని ఆయనకీ తెలుసు. బావమరిది వింటాడు, కాస్త టైమ్ పడుతుందంతే అన్నారు."

ఏజెంట్ గుమ్మంలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

మర్నాడు రిపోర్ట్ ఫారంలో 'లోపం ఎక్కడ' అన్న గడిలో తన పేరు రాసి పంపాడు. సాయంత్రానికి అది తిరిగొచ్చింది. ఆ గడిలో విడిభాగాల పేర్లు మాత్రమే రాయాలట.