గాజు చెప్పిన సోది

“దాని మీద ఊపిరి తగలనీయకండి,” అన్నారు డాక్టర్ నఫీసా.

వరూధిని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. గాజు పెట్టెలో ఆమె లెన్స్ అడ్డంగా పడుకుని ఉంది. మూరెడు పొడవు, చంటిపిల్లంత బరువు. దాని వెనక భాగం మీద దారమంత సన్నని నీలం లేజర్ కాంతి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పాకుతోంది. పక్కనున్న తెర మీద బూడిద రంగు తప్ప ఇంకా ఏమీ లేదు. కిటికీ అవతల విశాఖ సముద్రంలో నిలబెట్టిన స్తంభాల మీదుగా భీమిలి వెళ్ళే ట్రామ్ చప్పుడు చేయకుండా జారిపోయింది.

“ఎంతసేపు పడుతుందండీ?”

“అది ఎంత చూసిందో అంతసేపు. ఓపిక పట్టండి.”

ఓపిక అనేది వరూధినికి కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. టెక్కలిలో ఆమెకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు ఫోటోలు బతుకుతెరువు. పక్షులు ఆమె ప్రాణం. కిందటి ఏడు సముద్రానికి దగ్గర్లో ఒక బీలలో, అంటే ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచే చిత్తడి నేలలో, ఆమెకు సారస కొంగల జంట కనిపించింది. మనిషెత్తు పక్షి, ఎర్రని మెడ. ఈ ప్రాంతంలో అవి కనిపించక ఒక తరం దాటిపోయింది. తుంగలో గూడు కూడా కట్టాయి. అదే బీలని తవ్వి రొయ్యల చెరువులు చేయడానికి ఒక కంపెనీ యంత్రాలు దించబోతోంది. అటవీశాఖ అధికారి చెప్పింది ఒకటే మాట: “గూడు, గుడ్లు స్పష్టంగా కనపడే ఫోటో తెండి. ఆపుతాం.”

దగ్గరికి వెళ్తే పక్షులు గూడు వదిలేస్తాయి. దూరం నుంచి తియ్యాలి. దానికి పెద్ద లెన్స్ కావాలి. కొత్తది కొనడం ఆమె వల్ల కాదు. అందుకే ఆన్‌లైన్‌లో వెతికి వెతికి, హైదరాబాదులో ఫణీంద్ర అనే వ్యాపారి దగ్గర ఒక డెమో పీసు కొన్నది. డెమో పీసంటే షోరూములో వచ్చినవాళ్ళకి చూపించడానికి ఉంచేది. కొత్తదానికీ వాడినదానికీ మధ్యరకం.

పెట్టె విప్పి చూస్తే పైకి అద్దంలా మెరిసిపోతోంది. ఫోటో తీస్తే మాత్రం ఎడమవైపు సగం నీళ్ళలో తడిసిన రంగుల్లా అలుక్కుపోయి వచ్చింది. ఫోన్ చేస్తే ఫణీంద్ర తేనెలో ముంచి తీసినట్టు మాట్లాడాడు.

“మేడమ్, అది షోరూమ్ బీరువా దాటి బయటికి రాని పీసు. ఎండ కన్నెరగని లెన్సు. మీ దగ్గరే ఎక్కడో జారి పడుంటుంది. ఒకసారి బాగా గుర్తు తెచ్చుకోండి.”

ఆ చివరి మాటకే వరూధినికి ఒళ్ళు మండింది. విశాఖలో ఒక శాస్త్రవేత్త గాజు గతాన్ని చదివే యంత్రం తయారుచేశారని పేపర్లో చదివిన గుర్తు. మర్నాడే లెన్స్ సంచిలో వేసుకుని బస్సెక్కింది. డాక్టర్ నఫీసా కలవనన్నారు. వరూధిని గేటు దగ్గర బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం కారెక్కబోతూ నఫీసా చూస్తే ఇంకా అక్కడే ఉంది.

“మాది ఉపగ్రహాల టెలిస్కోపులు పరీక్ష చేసే యంత్రమమ్మా. కెమెరా లెన్సులకి కాదు.”

“గాజు గాజే కదండీ మేడమ్.”

నఫీసాకి నవ్వొచ్చింది. “రేపు పొద్దున్నే రండి,” అన్నారు.

అలా వచ్చి ఇప్పుడు ఆ బూడిద రంగు తెర ముందు నిలబడి ఉంది వరూధిని.

“మీ ఇంట్లో గోడకి ఒక క్యాలెండరు ఏళ్ళ తరబడి వేలాడిందనుకోండి,” అన్నారు నఫీసా, తెర మీంచి చూపు తిప్పకుండానే. “తీసేస్తే ఏం కనిపిస్తుంది?”

“దాని మేర గోడ కొత్తగా ఉంటుంది. చుట్టూ వెలిసిపోయి ఉంటుంది.”

“ఇదీ అంతే. లెన్స్‌లో చిట్టచివరి గాజు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ దాదాపు తయారైపోయి ఉంటుంది. ఆ గాజు మీద పూసిన కోటింగ్ మన జుట్టు కన్నా ఎన్నో రెట్లు పల్చన. వెలుగు ఎక్కువ పడ్డచోట ఎక్కువ, తక్కువ పడ్డచోట తక్కువ వెలుస్తుంది. కంటికి కనపడదు. లేజర్‌కి కనిపిస్తుంది. లెన్స్ ఏ దృశ్యం మీద ఎక్కువకాలం నిలబడితే ఆ దృశ్యం అందులో ముద్రపడిపోతుంది. ఇక దెబ్బ తగిలిందా, గాజు పగలకపోయినా లోపల బిగువు మిగిలిపోతుంది. అదీ దొరుకుతుంది.”

తెర మీద ఏదో కదిలినట్టయింది. బూడిద రంగులోంచి ముందు నాలుగు తెల్లని మచ్చలు పైకి తేలాయి. వాటికింద గుండ్రంగా లేత నేల. నడుమ పొడుగాటి పట్టీ ఒకటి, దాని కొసన మూడు గీతలు.

వరూధిని ముందుకి వంగింది. “మేడమ్, అవి స్టంపులు!”

“పైనవి ఫ్లడ్‌లైట్లు,” అన్నారు నఫీసా. “మూడు నాలుగేళ్ళు క్రికెట్ చూసింది మీ షోరూమ్ పీసు. ఇదిగో, ఈ రంగుల చార చూశారా? గట్టిగా కింద పడింది. ఈ దెబ్బ మీరు కొనడానికి ఏడాది ముందుదైనా అయ్యుండాలి.”

అక్కణ్ణుంచే వీడియో కాల్ చేసింది వరూధిని. ఫణీంద్ర ముందు నవ్వాడు. బొమ్మ చూపించాక నవ్వు తగ్గింది.

“షోరూములో ఫ్లడ్‌లైట్లు కూడా పెట్టారా ఫణీంద్రగారూ?”

“అది... మేడమ్, మాకు అమ్మినవాళ్ళు అలా చెప్పారు...”

“మీరు నాతో ఏం చెప్పారో అది ముందు చూసుకోండి. నేను పడేశానన్నారు. రేపటికల్లా మంచి లెన్స్ పంపండి. ఇక్కడికే పంపండి, ఈ పెట్టెలో పెట్టి చూశాకే తీసుకుంటాను. లేదంటే ఈ బొమ్మ ఊరంతా చూస్తుంది.”

మంచి లెన్స్ వచ్చింది. యంత్రంలో పెడితే తెర మీద షోరూమ్ దీపాలు, బీరువా తలుపు అంచు తప్ప ఇంకేమీ లేవు. దాన్ని పట్టుకుని ఆమె బీలకి పరిగెత్తింది. అక్కడ పశువులు మేపుకునే గున్నమ్మ, ఎత్తుగా గట్టున్న ఒక చోటు చూపించింది. కనిపించీ కనిపించని మసక వెలుతురులో తుంగ మధ్య రెండు గుడ్లు, వాటి మీదికి ఒదిగి కూర్చుంటున్న తల్లి పక్షి ఎర్రని మెడ, వెనకాల నెమలిపింఛం ఆకారంలో విచ్చుకున్న కొండ. ఒక్క ఫోటోలో అన్నీ పడ్డాయి. అటవీశాఖ తవ్వకం ఆపించింది. ఫోటో బయటికి రానివ్వకుండా, చోటు ఎక్కడో కాగితాల్లో గుప్తంగా ఉంచింది.

“నువ్వు కూడా ఎవులికీ సెప్పకమ్మా,” అంది గున్నమ్మ. “గుడ్లకి దొంగలున్నారు, ఫోటోలకి పిచ్చోళ్ళున్నారు. ఆ పిట్టకి ఇద్దరూ ఒకటే.”

“చెప్పను పిన్నీ,” అని మాటిచ్చింది వరూధిని.

లెన్స్ మోసం బయటపెట్టిన ఆమె కథ పేపర్లలో వచ్చింది. మోసపోయినవాళ్ళు ఎక్కడెక్కడినుంచో లెన్సులు పట్టుకుని నఫీసా గేటు ముందు బారులు తీరారు. యంత్రానికి నఫీసా పెట్టిన సంస్కృతం పేరు ఎవరి నోటా తిరగలేదు. జరిగిపోయినదంతా సోదెమ్మలా చెబుతుంది కనుక జనం దాన్ని సోది మిషన్ అన్నారు. అదే స్థిరపడింది. ఊరూరా పరీక్షా కేంద్రాలు వెలిశాయి. ఆన్‌లైన్ అమ్మకందార్ల సంఘం నియమాలు రాయడానికి కూర్చున్నప్పుడు కొనేవాళ్ళ తరఫున వరూధినినే పిలిచారు.

అక్కడ నఫీసా ఒక మాట అన్నారు. “బొమ్మలు బయటపెట్టడం ఎందుకు? ఎంత వాడారు, దెబ్బ తగిలిందా లేదా, అంతవరకు రాసిస్తే చాలదా?”

“చాలదు మేడమ్,” అంది వరూధిని. “సగం నిజం ఫణీంద్ర కూడా చెప్పాడు. బొమ్మ చూపిస్తేనే కదా అతని నోరు మూతపడింది! పరీక్ష చెయ్యాలి, బొమ్మలన్నీ యంత్రమే నేరుగా అందరికీ కనిపించేలా పెట్టాలి. మధ్యలో ఎవరూ ఆపడానికి వీల్లేదు. పరీక్షకి ఒప్పుకోనివాళ్ళ పేరు కూడా అక్కడే ఉండాలి.”

“మీరు పట్టుపడితే వదలరు కదా,” అన్నారు నఫీసా. ఆ గొంతులో మెప్పు ఎంతో, దిగులు ఎంతో వరూధిని పట్టించుకోలేదు. నియమం ఆమె చెప్పినట్టే అయింది. ఏ సభకి వెళ్ళినా ఆమె ఒకటే చెప్పేది: “పరీక్ష లేని లెన్స్ కొనకండి. వద్దన్నవాడు ఏదో దాస్తున్నట్టే.”

మోసాలు నిజంగానే తగ్గిపోయాయి. తర్వాత ఎవరూ అనుకోనిది మొదలైంది.

ఒక పెద్దమనిషి తన లెన్స్ అమ్మకానికి పెడితే ఎదురింటి డాబా మీది ఆడమనిషి కనిపించింది. మళ్ళీ మళ్ళీ, అన్ని ముద్రల్లోనూ ఆవిడే. ఆయన ఆ వీధి వదిలి వెళ్ళిపోయాడు. భార్య పోయిన ఒకాయన లెన్స్‌లో ఆస్పత్రి మంచం, దాని మీద ఆమె ఆఖరి రోజులు. ఊరంతా చూశాక ఆయన ఆ పరీక్షా కేంద్రం మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. తప్పు చేసినవాడికీ చెయ్యనివాడికీ భయం ఒకేలా పట్టుకుంది. మనం దేన్నైతే ఎక్కువసేపు చూస్తామో అది మన గుట్టేనని జనానికి అప్పుడు తెలిసింది. లెన్సులు అమ్మడం మానేశారు. అటకల మీదికెక్కించారు, సుత్తితో కొట్టారు, సముద్రంలో విసిరారు. వాడిన లెన్సుల అంగళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

అయినా వరూధిని తొణకలేదు. “దొంగ సరుకు పోతోంది. మంచిదే,” అంది.

మూడు వానాకాలాలు గడిచాయి. ప్రతి ఏడూ సారసాలు అదే చోటికి వచ్చాయి, ఆమె అదే గట్టు మీద పొద్దు పొడిచింది మొదలు ఎండెక్కేదాకా కూర్చుంది. బరువు మోసి మోసి కుడి భుజం పట్టేసింది. చెయ్యి జడ దాకా కూడా లేవడం లేదు. డాక్టరు ఆ లెన్స్ ముట్టుకోవద్దన్నాడు. తేలికైనది కొనాలంటే ఇది అమ్మాలి.

ప్రకటన పెట్టిన పూటే ఫోన్ వచ్చింది. పలాస నుంచి లిఖిత అనే అమ్మాయి. ఆడపిల్లల కబడ్డీ పోటీలు ఫోటోలు తీసి పత్రికలకి పంపుతుందట.

“ఎన్ని నెలలుగా వెతుకుతున్నానో తెలుసాండీ! వాడిన లెన్స్ ఎక్కడా దొరకట్లేదు. కొత్తది నాకు అందదు. అందులోనూ మీ దగ్గరా! మీ మాటలు వినే నేను ఇన్నాళ్ళు ఆగాను.”

వరూధినికి తనను తాను చూసుకున్నట్టు అనిపించింది. విశాఖలో పరీక్ష చేయించి అక్కడే ఇచ్చేస్తానంది.

ఇద్దరూ నఫీసా ముందు కూర్చున్నారు. నఫీసా జుట్టు ఇప్పుడు పూర్తిగా నెరిసింది. లెన్స్‌ని గాజు పెట్టెలో పెట్టి, వరూధిని వైపు ఒక చూపు చూసి అడిగారు. “మొదలుపెట్టమంటారా?”

“పెట్టండి మేడమ్.”

నీలం దారం పాకింది. లిఖిత కుర్చీ అంచున కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. తెర అడుగున తుంగ నీడలు తేలాయి. వాటి పైన, దూరంగా, విచ్చుకున్న నెమలిపింఛం అంచు మొదలవబోతోంది.

ఆ కొండ. టెక్కలి నుంచి సోంపేట దాకా దాన్ని చూసి పోల్చుకోలేని మనిషి ఉండడు. బొమ్మ పూర్తయిన మరుక్షణం యంత్రమే దాన్ని లోకం ముందు పెడుతుంది. ఆపడానికి వీల్లేదని పట్టుబట్టింది తనే. గుడ్ల దొంగలకి ఇంతకన్నా దారి చూపించేదేముంది! వరూధిని లేవని కుడిచెయ్యి వదిలేసి, ఎడమచేత్తో గోడ మీది స్విచ్చు కొట్టింది.

తెర నల్లబడింది. లిఖిత తుళ్ళిపడి లేచింది.

“అదేంటండీ!”

“పరీక్ష వద్దమ్మా.”

“వద్దంటే? కింద పడిందా? చెప్పండి, తగ్గించి తీసుకుంటాను.”

“పడలేదు. దాని మీద చిన్న గీత కూడా లేదు.”

“మరి దేనికి ఆపారు? ఏదో దాస్తున్నారు మీరు!”

“దాస్తున్నాను,” అంది వరూధిని.

ఆ పిల్ల మొహంలో కోపం కన్నా ముందు ఏదో విరిగింది. నఫీసా మాట్లాడబోయారు. వరూధిని తల అడ్డంగా ఊపింది. కారణంలో సగం చెప్పినా చాలు, తెలివైన పిల్ల, మిగతా సగం తనే పట్టేస్తుంది.

“పరీక్ష లేకుండా కొనద్దని మీరే కదండీ ఊరూరా తిరిగి చెప్పారు?”

“చెప్పాను. అది నిజమే. నా దగ్గర కొనకు.”

“నమ్మి వచ్చాను మిమ్మల్ని,” అంది లిఖిత. సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళి, ఒక్కసారి ఆ లెన్స్ వైపు ఆశగా చూసి, వెళ్ళిపోయింది.

“ముద్ర చెరిపే ఉపాయం లేదా మేడమ్?” అని అడిగింది వరూధిని.

“కోటింగ్ గీకెయ్యాలి. అప్పుడు అది లెన్స్ కాదు, నీళ్ళ గ్లాసు.” నఫీసా పెట్టె తెరిచి, లెన్స్‌ని రెండు చేతులతో తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. “ఆ రోజు గేటు దగ్గర మీరు లేచి వెళ్ళిపోయుంటే బాగుండేదేమో.”

“అప్పుడు ఆ గుడ్లుండేవి కాదు,” అంది వరూధిని.

తిరుగు బస్సులో ఫోన్ మోగింది. నియమం ప్రకారం యంత్రం తన పని తాను చేసుకుపోయింది. “పరీక్షకు నిరాకరించిన అమ్మకందారు: వరూధిని, టెక్కలి. ఈమె దగ్గర కొనేవారు జాగ్రత్త.” కింద అప్పుడే జనం మాటలు మొదలయ్యాయి. నీతులు చెప్పేవాళ్ళ సంగతి ఇంతే, అని ఒకరు. ఏం చూసిందో ఆ లెన్సుతో, అని ఇంకొకరు.

ఆమె రెండుసార్లు చదివింది. జవాబు రాయడానికి వేలు పెట్టి, తీసేసింది. టెక్కలి వచ్చింది, జనం దిగారు. ఆమె దిగలేదు. కండక్టరు టికెట్ అడిగితే ఇంకా ముందుకి, బీల దగ్గరి ఊరి దాకా తీసుకుంది. కుడి భుజం సలుపుతుంటే లెన్స్‌ని ఎడమవైపుకి మార్చుకుంది. ఎడమ కంటితో గురిచూసి, ఎడమచేత్తో మీట నొక్కడం నేర్చుకోవాలి. ఈ ఏడు గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి.