ఉత్తగా తిరిగే చక్రం

ఇనుప మెట్ల మధ్యలో సమ్మవ్వ చిక్కుకుపోయింది! పైకి ఏడు మెట్లు, కిందికి నాలుగు... కుడి మోకాలు వంగడం లేదు, ఎడమది ఆగడం లేదు. కింద బిందెలతో ఆడవాళ్లు దారికోసం నిలబడ్డారు. కూతురు కోమల్ వెనకనుంచి ఎత్తిపట్టుకుని ఎలాగో పై గదికి చేర్చింది. ఆ రోజునుంచి మరమగ్గాల పేట కామత్‌ఘర్‌లోని ఆ ఒక్క గదే సమ్మవ్వకు లోకమైపోయింది. కింద బట్ట నేసే సాంచాల చప్పుడు నేలగుండా ఆమె కాళ్లలోకి ఎక్కేది. ఇరవై ఏళ్లు నేలమీద మడుచుకుని కూర్చుని, సాంచాలకు దారం కండెలు చుట్టిన కాళ్లవి!

మోకాళ్లలో గుజ్జు అరిగిందని డాక్టరమ్మ చెప్పింది. కదలకపోతే ఇంకా బిగుసుకుపోతాయట. నిలబెట్టిన సైకిల్ మీద రోజూ పావుగంట, బరువు లేకుండా తేలిగ్గా తొక్కమంది. సమ్మవ్వ దిగులు మోకాళ్లది కాదు. నీళ్లకూ, వంటకూ, కండెలకూ కోమల్ బడి మానేసింది. పదో తరగతి పిల్ల... తను మెట్లు దిగితే తప్ప ఆ పిల్ల బడి మెట్లు ఎక్కదు!

భర్త గాలయ్య సాంచాలు బాగుచేసే మనిషి. పాత సైకిల్ తెచ్చి, వెనక చక్రం నేలకు తగలకుండా ఇనుప కాళ్లమీద నిలబెట్టాడు. చీర గోచీ పెట్టి ఎక్కిన సమ్మవ్వను చూసి కోమల్ నవ్వింది. “అవ్వా, పుణె దాకా పోతున్నవా?”

వారం రోజుల్లో నొప్పి కాస్త సడలింది. కానీ చక్రం ఉత్తగా తిరుగుతుంటే గాలయ్యకు చూడబుద్ధి కాలేదు. తిరిగేదేదైనా దారం చుట్టాలి కదా! దానికి బెల్టు వేసి కండెల మిషన్‌కు తగిలించాడు. ఇక కింద కూర్చునే బాధ తప్పిందని సమ్మవ్వా మురిసింది. పావుగంట మరిచిపోయి, దారం అయిపోయేదాకా మధ్యాహ్నాలన్నీ తొక్కింది. పది రోజులకు మోకాళ్లు ఉబ్బి, గడప దాకా నడవడమే గగనమైంది...

కోమల్ తండ్రి ముందు తల దించుకుని నిలబడింది. “బరువు వద్దన్నది గదా డాక్టరమ్మ, బాపు. అవ్వతోని మళ్ల కండెలే చుట్టిస్తున్నం.”

గాలయ్య కింద కూర్చున్నాడు. భార్య మోకాలిమీద చెయ్యి పెట్టి చూశాడు. కాలుతోంది! మెల్లగా లేచి కత్తితో బెల్టు కోసేశాడు.

“మరి గిది దేనికి తిరగాలె?” అంది సమ్మవ్వ.

“నీకు తిరగాలె,” అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో సమ్మవ్వ కోసమే తిరిగేదేదీ ఆ ఇంట్లో లేదు. కన్నీళ్లు చెంపలమీద కారుతుండగా ఉత్త చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పింది...

వాపు తగ్గాక రోజూ పావుగంటే తొక్కిన మూడో నెలలో, ఒక పొద్దున సమ్మవ్వ మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఏడు మెట్లు దిగాక మళ్లీ అక్కడే కాలు ఆగింది! కింద బిందెలు, వెనక మళ్లీ బడికి బయల్దేరి, సంచితో కోమల్. సంచి దించి తల్లిని పట్టుకోబోయింది ఆ పిల్ల.

సమ్మవ్వ గోడకు ఒత్తుకుని దారిచ్చింది. “నువ్వు పో బిడ్డా. గంట కొడ్తరు.”

“నువ్వెట్ల దిగుతవు?”

“ఇంక నాలుగేనాయె. మెల్లగ వస్త.”

కోమల్ తల్లిని ఒరుసుకుంటూ దిగి, సందు మలుపు తిరిగిపోయింది. ఆ తెల్ల రిబ్బన్లు కనుమరుగయ్యేదాకా చూసి, సమ్మవ్వ కమ్మీ పట్టుకుని కుడికాలు కిందికి పెట్టింది.