ఎల్మ్‌కోట్ బొమ్మలో మనిషి

పొద్దువాలాక ఎల్మ్‌కోట్ హాల్ ముందునించి వెళ్లమంటే మా ఊళ్లో ఎవరూ వెళ్లరు. చుట్టు తిరిగి, బురదలో పడి అయినా వేరే దారినే పోతారు. పెద్ద మేడ, ఇప్పుడు ఖాళీ. ఇంటివాళ్లు ఎప్పుడో లండన్ వెళ్లిపోయారు. మునిచీకట్లో దాని గడప మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంటుందట — తలకి తెల్లటి గుడ్డ, చేతులు రెండూ కిందకి వేలాడేసుకుని... పిలిస్తే పలకదట. కండలు తిరిగిన మా కమ్మరి ఆబెల్ ఒకసారి చూసి, బురదలో కూరుకున్న బూటు అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

ఆ దెయ్యాన్ని నేనే.

నవ్వకండి. మా ఆయన ఆ ఇంటికి కాపలా ఉండేవాడు. ఆయన పోయాక తాళాలు నా చేతికొచ్చాయి. రోజూ పొద్దున్నే కిటికీలు తీస్తాను, లేకపోతే చెమ్మకి గోడలు బూజెక్కిపోతాయి. చీకటి పడేవేళకి మూసేసి, కాసేపు గడప మీద నిలబడతాను. తొందరగా ఇంటికెళ్తే మాత్రం ఏముంది గనక. ఆబెల్ పిలిచినప్పుడు పలకబుద్ధి కాలేదు, పలకలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. దెయ్యం ఉన్న ఇంట్లో దొంగలు పడరు కదా.

ఒక చలికాలం ఆ ఇంటి బొమ్మ వెయ్యడానికి ఎనక్ టర్టన్ వచ్చాడు. బొమ్మలేసేవాడు.

మా స్టాఫర్డ్‌షైర్ జిల్లాలో ఉన్న ప్రతి పాత చర్చినీ, ప్రతి మేడనీ పడిపోకముందే కాగితం మీదకి ఎక్కించాలని పెంబర్టన్ దొరగారికి పిచ్చి. టర్టన్ ఊరూరా తిరిగి వేసిపెట్టేవాడు. ప్రతి బొమ్మలోనూ ఇంటిముందు ఒక చిన్న మనిషి ఉండాలి. లేకపోతే అది కోటో కోళ్లగూడో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆ చోట టర్టన్ ఎప్పుడూ తన పెళ్లాం కెజయానే నిలబెట్టేవాడు. బూడిదరంగు శాలువా, చేతిలో బుట్ట. మా జిల్లాలో ఆవిడ నిలబడని గుమ్మం లేదంటే నమ్మండి.

అంతకుముందు గోధుమ కోతలప్పుడు ఆవిడ జ్వరమొచ్చి పోయింది.

తర్వాత వేసిన బొమ్మల్లోనూ ఆవిడే ఉంది. అదే శాలువా, అదే బుట్ట. దొరగారికి ఒళ్లు మండింది. ఉన్నది ఉన్నట్టు వెయ్యమంటే చచ్చినవాళ్లని వేస్తావేమిటి, లేని మనిషి ఇంకొక్క బొమ్మలో కనబడిందంటే ఈ పని వేరేవాడికిస్తాను అన్నారట. టర్టన్‌కి ఇంకో పని చేతకాదు. ఇది పోతే దిక్కులేనివాళ్లకి గంజి పోసే పనిశాలలో చేరాల్సిందే.

ఇదంతా అతనే మా వంటింట్లో కూర్చుని, రొట్టె నములుతూ చెప్పాడు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. గొంతులో ఏమీ లేదు. మా ఆయన్ని పూడ్చిన రోజు నేనూ అంతే. వచ్చినవాళ్లందరికీ పందిమాంసం కోసి పెడుతూ, కత్తి ఇవాళ బాగా తెగుతోందే అనుకున్నాను.

"మరి రేపు ఎవర్ని వేస్తావు నాయనా?" అన్నాను.

"ఇంకొకర్ని వెయ్యబోతే చెయ్యి కదలట్లేదమ్మా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నించీ ఇల్లంతా వేశాడు — పొగగొట్టాలు, ఊడిన పెంకులు, పగిలిన అద్దాలు, అన్నీ. మనిషి చోటు మాత్రం తెల్లగా వదిలేశాడు. వెలుతురు సన్నగిల్లింది. పొగమంచు తోటలోకి దిగుతోంది. అతను పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు...

నా ప్రాణం ఉసూరుమంది. కిటికీలు మూసి, వచ్చి గడప మీద నిలబడ్డాను. ఇన్నాళ్లూ దెయ్యంగా పనికొచ్చినదాన్ని, ఒక్క పూట మనిషిగా పనికిరానా? బతికున్న మనిషి ఎదురుగా ఉంటే నన్నే వేస్తాడు, దొరగారూ ఏమీ అనలేరు అనుకున్నాను.

చాలాసేపటికి తలెత్తాడు.

"కొంచెం ఎడమకి..." అన్నాడు, గుసగుసగా.

జరిగాను.

"చలేస్తోందా?"

లేదన్నట్టు తలూపాను. కాగితం మీద పెన్సిల్ చప్పుడు మొదలైంది. కాళ్లు కొయ్యబారిపోయినా నేను కదల్లేదు. బాగా చీకటి పడ్డాక అతను కాగితాలు సర్దుకుని, గేటు తీసి పట్టుకుని — కాసేపు ఆగి — మూసేసి వెళ్లిపోయాడు. నాతో వెళ్లొస్తానని కూడా అనలేదు.

ఆదివారం చర్చి అయ్యాక దొరగారు కబురు పెట్టారు. వెళ్లేసరికి బల్ల మీద బొమ్మ, పక్కన టోపీ చేత్తో పట్టుకుని టర్టన్.

బొమ్మలో గడప ఖాళీ.

ఆ ఇంటి గుమ్మానికి కాస్త ఇవతల, గుర్రం ఎక్కడానికి వేసిన రాతి అరుగు ఒకటుంది. దాని పక్కన ఉంది మనిషి. బార్లీ గింజంత. బూడిదరంగు శాలువా, చేతిలో బుట్ట.

"ట్యాబిథా," అన్నారు దొరగారు. "ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావట. నిజం చెప్పు. ఈ అరుగు దగ్గర ఎవరైనా నిలబడ్డారా?"

టర్టన్ తలెత్తలేదు. టోపీ అంచు నలుపుతున్నాడు. నేను లేదంటే ఆ క్షణాన అతని బతుకు తెల్లారిపోతుంది.

"నిలబడ్డారండీ," అన్నాను. "ఒకావిడ. నేను చూశాను."

దొరగారు నన్ను ఎగాదిగా చూశారు. నేను అబద్ధమాడనని ఆయనకి తెలుసు. సరేనని బొమ్మని మిగతావాటి మధ్య పెట్టేసి, టర్టన్‌ని తర్వాతి ఊరికి వెళ్లమన్నారు.

అతని మీద జాలిపడి అలా అన్నాననుకుంటున్నారు కదూ? కాదు.

ఎడమకి జరగమన్నది నన్ను కాదు. నేను జరుగుతూ అటు చూశాను — అరుగు పక్కన బూడిదరంగు శాలువాలో ఆవిడ కూడా జరిగింది. చలేస్తోందా అని అడిగింది ఆవిడనే. అతను గేటు తీసి పట్టుకుంటే, శాలువా భుజం మీదకి లాక్కుని, ఆవిడే ముందు నడిచింది...

భయమా? ఏమీ వెయ్యలేదు. తాళం వేసి, చీకట్లో ఇంటికి నడుచుకుంటూ ఒక్కటే అనుకున్నాను. మా ఆయన పోయి ఇన్నేళ్లయింది. రోజూ ఆ వేళకి ఆ గడప మీదే ఉంటున్నాను. నాకోసం ఒక్కసారి కూడా రాలేదు.