చిల్లుల తోటకూర

శనివారం తెల్లవారింది. సువార్తమ్మ కాఫీ అయినా కలుపుకోకుండా సంచీని కొంగు చాటున పెట్టుకుని బజారుకు బయల్దేరింది. ఇంటివారు రామతులసి గారు వాకిట్లో ముగ్గు వేస్తూ, ఇంత పొద్దున్నే ఎక్కడికండీ అని పలకరించారు. మందుబిళ్ళలు అయిపోయాయని చెప్పింది. రేపు గుడిలో కూర్చుని ప్రార్థన చేసుకోవలసిన మనిషిని, నోరు తెరిస్తే అబద్ధమే వస్తోందేమిటి ప్రభువా అనుకుంటూ సందు మలుపు తిరిగింది.

బజారులో పాపాయి ముందు తోటకూర కట్టలు నీళ్ళు చల్లిన తడితో నిగనిగలాడుతున్నాయి. ఆకుకు ఒక్క మచ్చ లేదు.

"ఎంత బాగుందో చూడండి మామ్మగారూ. ఒక్క చిల్లు కనబడితే తిరిగిచ్చేయండి" అంది పాపాయి.

సువార్తమ్మకు కావలసింది ఆ చిల్లే. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

ఇంటికి వచ్చి తలుపు దగ్గరగా వేసుకుంది. కట్టకున్న అరటినార విప్పి, ఆకులను ఒకదాని మీద ఒకటి పేర్చింది. కొబ్బరి చీపురులోంచి ఈనెపుల్ల లాగి, ఒక్కొక్క దొంతరలో అక్కడక్కడా గుచ్చింది. అంచులు గోటితో గిల్లింది. తర్వాత, తాను పండించిన కూరను ఎప్పుడూ కట్టే పాత చీర పేలికతోనే కట్ట కట్టి, గిన్నెలో నీళ్ళు పోసి నిలబెట్టింది. దూరం నుంచి చూస్తే అచ్చం తన కుండీల్లో కోసిన కూరలాగే ఉంది.

మధ్యాహ్నం బడి వదిలాక కూతురు కృపారాణి గోదావరి దాటి వస్తుంది. ఆమె అత్తవారిల్లు కొవ్వూరు, పంతులమ్మగా పని చేసేదీ అక్కడే. వచ్చి, కూర సంచీలో పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని ఫోను చూసుకుని, బండి వేళకు లేచి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత సువార్తమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కి, వంతెన మీద రైలు చప్పుడు వినబడేదాకా నిలబడుతుంది. చప్పుడు ఆగిపోయాక కిందికి దిగి దీపం వేసుకుంటుంది. మళ్ళీ శనివారం దాకా ఆ గదిలో మాట్లాడేది రేడియో ఒక్కటే.

కృప తినేదాని విషయంలో పట్టుదల మనిషి. అల్లుడు ఫిన్నీ నవ్వులాటకు, "మీ అమ్మాయికి సర్టిఫికెట్ లేనిదే ముద్ద దిగదు అత్తయ్యగారూ" అంటుంటాడు. సువార్తమ్మ నవ్వలేదు ఎప్పుడూ. ఆమెకు కారణం తెలుసు.

ఊళ్ళో ఉన్న రోజుల్లో చేలకు పురుగుమందు కొట్టడంలో ఆమె భర్త చిట్టియ్య పెట్టింది పేరు. వీపున మోసే డబ్బా కారి చొక్కా తడిసిపోయేది. కృప చిన్నప్పుడు గట్టు మీదికి అన్నం క్యారేజీ తీసుకెళ్తే, బోదె కాలవలో చేతులు కడుక్కుని తిని, పిల్ల నోట్లోనూ ఓ ముద్ద పెట్టేవాడు. నడివయసు దాటకుండానే మంచాన పడ్డాడు. జబ్బు దీనివల్లనే అని చెప్పలేమన్నారు డాక్టరు గారు. దీనివల్ల కాదనీ చెప్పలేమన్నారు. మనవరాలు ప్రిస్కిల్లాకు అన్నం తినే వయసు వచ్చిన దగ్గర్నుంచి కృప ఆర్గానిక్ కొట్లలో సీలూ ముద్రా చదవడం మొదలుపెట్టింది.

ఓసారి సువార్తమ్మ కాలక్షేపానికి మేడ మీద పెంచిన తోటకూర కోసిస్తే, కృప చిల్లులు పడిన ఒక ఆకును వెలుగుకు పట్టి చూసింది. "పురుగు తిని బతికింది కదమ్మా. ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?" అంది. అప్పటి నుంచే ఈ శనివారాలు.

ఈ ఏడు ముసురు పట్టాక గొంగళిపురుగులు దండెత్తాయి. బూడిద చల్లింది, వేపనీళ్ళు పోసింది, కళ్ళద్దాలు పెట్టుకుని చేత్తో ఏరింది. కాడలే మిగిలాయి. మళ్ళీ చల్లిన విత్తనం వానకు కుళ్ళిపోయింది. ఈ ఒక్క వారానికే అనుకుంటూ పాపాయి దగ్గర కొంది. పై వారమూ అలాగే అనుకుంది.

ఆరోజు కృప వచ్చేసరికి తిరుగు రైలు ఆలస్యమని కబురు తెలిసింది. కాసేపు కూర్చుంటానని, పీట వాల్చుకుని తోటకూర వలవడం మొదలుపెట్టింది. నేను వలుస్తాలేవే, నువ్వు నడుం వాల్చు అంది సువార్తమ్మ. కృప వినలేదు.

"ఇదేంటమ్మా, ఈ పురుగు స్కేలు పెట్టుకుని తిన్నట్టుందే" అని నవ్వింది.

నవ్వుతూనే మూడాకులు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది. మూడింటి చిల్లులూ ఒక్కచోటే కలిశాయి. నవ్వు ఆగిపోయింది. ఆమె చూపు గదంతా తిరిగి, గూట్లో ఆకుపసరంటిన ఈనెపుల్ల మీద నిలిచింది. లేచి మేడెక్కింది.

సువార్తమ్మ మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి చేరేసరికి కృప కుండీల మధ్య నిలబడి ఉంది. ఎండిన మోళ్ళు, బీటలిచ్చిన మట్టి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"వానలప్పటి నుంచి."

"పిల్లకి కలిపి పెట్టేటప్పుడు, మా అమ్మ పండించిందని చెప్పి మరీ పెడుతున్నాను. కొట్లో ముద్రని సగమే నమ్ముతాను నేను. నిన్ను మొత్తం నమ్మాను."

సువార్తమ్మ పిట్టగోడ పట్టుకుంది. "మందు కొట్టుంటే మొక్కలు బతికేవి. నీకు తెలిసేదీ కాదు. మందుల కొట్టు దాకా వెళ్ళానే. గుమ్మంలోనే మీ నాన్న చొక్కా వాసనొచ్చింది. వెనక్కి వచ్చేశాను."

"మరి బజారు కూర మీద కొట్టరా?"

"కొడతారు. కొట్టేవాడిని నేను చూడలేదు కదా."

"వాడి చొక్కా ఉతికే మనిషి కూడా ఎక్కడో ఉంటుందమ్మా" అంది కృప మెల్లగా. "మందు కొట్టనివి పిల్ల కోసమే కొంటున్నాననుకుంటున్నావా నేను? మొక్కలు పోయాయని ఒక్కమాట చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వెందుకొస్తావు?"

అలా కాదని చెప్పడానికే కృప నోరు తెరిచింది. చూపు ఎండిన కుండీల మీద పడింది. తాను మేడెక్కి ఎంతకాలమైందో గుర్తు రాలేదు. ఒక్కసారి పైకొచ్చి చూసి ఉంటే, ఈనెపుల్లతో పని పడేదే కాదు. కళ్ళనీళ్ళు తల్లికి కనబడకుండా తిరిగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. విప్పిన కూర పీట పక్కనే ఉండిపోయింది.

సువార్తమ్మ ఆరోజు రైలు చప్పుడు కోసం నిలబడలేదు.

ఆ వారమంతా ఫోను మోగితే ఉలిక్కిపడింది. కృప కాదు. తాను చేద్దామనుకుని, ఏమని మొదలుపెట్టాలో తెలియక పెట్టేసింది. మనుషులు పోవడం ఆమెకు కొత్త కాదు. చిట్టియ్య పోయాడు, ఊరు పోయింది, పెళ్ళి చేసి పంపిన రోజున కూతురూ సగం పోయింది. మిగిలిన సగాన్ని తన చేతులతోనే పోగొట్టుకున్నాననుకుంది.

శనివారం వచ్చింది. బజారుకు వెళ్ళలేదు. తన ఒక్కదానికే గుప్పెడు బియ్యం పడేసింది. అవి ఉడుకుతుండగా గేటు చప్పుడైంది. వెనకాలే మెట్ల మీద చిన్న పాదాల పరుగు.

"అమ్మమ్మా, పైకి రా. అమ్మ విత్తనాలు తెచ్చింది."

సువార్తమ్మ పైకి వెళ్ళేసరికి కృప చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కుండీల్లో మట్టి పెళ్ళగిస్తోంది. తల్లి మొహం చూడకుండానే, విత్తనం ఇలా చల్లితే చాలా అని అడిగింది. నూక కంటే సన్నం కదే, ఇసక కలిపి చల్లకపోతే ఒక్కచోటే పడుతుంది అని సువార్తమ్మ పక్కన కూలబడింది. మూడు జతల చేతులకూ మట్టి అంటుకుంది.

"ఎప్పుడు తినొచ్చు అమ్మమ్మా?"

"నెల పడుతుందమ్మా." కూతురి వైపు చూసింది. "అప్పటిదాకా నీకిద్దామంటే ఏమీ లేదే కృపా. ఉత్త సంచీ మోసుకెళ్ళాలి."

"వచ్చేవారం సంచీ కూడా తేను" అంది కృప.

ఛార్జీలు దండగ కదే అనే మాట అలవాటుగా సువార్తమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకునే వంకన దాన్ని లోపలే ఆపుకుంది.

గోదావరి మీద పొద్దు వాలింది. వంతెన మీద రైలు చప్పుడు వినబడింది. కృప తలెత్తి చూసి, తర్వాతి బండికి వెళ్తాంలే అని మళ్ళీ మట్టిలో చేతులు పెట్టింది.