ఫింటన్ కాపలా కాసిన గేటు

"నా కంఠంలో ప్రాణముండగా బావి దారికి గేటు పడదు." వాళ్ళమ్మ శవపేటిక మీద చెయ్యి వేసి, ఊరంతా వింటుండగా ఫింటన్ మల్డెరిగ్ అన్న మాట ఇది. గడ్డి కోతలు అయ్యేలోపే ఆ దారికి తానే ఇనుప గేటు పెట్టాడు. దానికి తాళం కూడా వేశాడు.

గేటు పడ్డ ఆ దారి మలుపుకి మొదటినుంచీ మంచి పేరు లేదు. హాలోవీన్ రాత్రి చచ్చిపోయినవాళ్ళు ఆ దారినే ఇళ్ళకొస్తారని మా ఐర్లండ్ పల్లె నమ్మకం. అందుకే ఆ రాత్రి ఎవరూ తలుపు గడియ పెట్టరు. పొయ్యి దగ్గర వాళ్ళకో కుర్చీ వేసి ఉంచుతారు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. నీళ్ళు ప్రజల సొత్తు, మౌనమంటే దోపిడీకి ఒప్పుకోలు — నా నమ్మకాలు ఇవి. గేటు పడ్డప్పటినుంచీ ఊనా హెనెగన్ కడుపుతో ఉండి కూడా బురదనేల చుట్టూ తిరిగి నీళ్ళు మోస్తోంది. చలికాలంలో ఆ బురద చెరువైపోతుంది. అప్పుడు ఎటునుంచి వెళ్ళాలి ఆమె?

ఇక జరిగిన సంగతి. ఫింటనే దుకాణంలో చెప్పగా విన్నాను.

హాలోవీన్ వస్తే కనబడ్డ గేటల్లా ఊడబెరికి దాచేయడం మా కుర్రకారుకి ఆట. అందుకని చీకటి పడగానే ఫింటన్ కర్ర పుచ్చుకుని గేటు ముందు కూర్చున్నాడు. రోడ్డు వైపే చూస్తూ. వచ్చేవాళ్ళు అటునుంచే కదా రావాలి...

వెలుగు మాత్రం వెనక పడింది. తాళం వేసిన గేటుకి అవతల, బావి వైపు.

మెల్లిగా తిరిగాడు. టర్నిప్ దుంపలో తొలిచిన మొహం... లోపల మంట. దాని వెనక వరసగా మనుషులు. వాళ్ళకి మొహాలు లేవు — నెత్తినుంచి మెడదాకా గడ్డే. చేతుల్లో బకెట్లు.

"ఎవర్రా అది? డెక్లన్ గాడివా? నా దగ్గరా నీ వేషాలు?"

బకెట్లు కిర్రుమన్నాయి. అప్పుడు, గుసగుసగా —

"ఫిన్నూ... కాళ్ళు లాగేస్తున్నాయిరా. గేటు తియ్యి."

తాళంచెవి ఇంట్లో ఉంది. వెళ్ళి తెచ్చే ధైర్యం లేదు. తానే భుజం పెట్టి, గేటుని కొక్కేల మీంచి పైకి లేపి, వీపున మోసుకుపోయి బురదలో పడేశాడు. "తీసేశానమ్మా... తీసేశాను" అనుకుంటూ.

ఇదంతా చెప్పి ఫింటన్ సిలువ గుర్తు వేసుకున్నాడు. పంచదార కొంటున్న ఊనా నిట్టూర్చింది. "అయ్యో పాపం. అంత బరువు ఒక్కడివే మోశావా ఫింటన్?"

నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను. ఆ గడ్డి ముసుగుల్లో ఒకటి నాది. ముందు లాంతరు పట్టుకున్నది ఊనా. బురద చుట్టూ తిరిగి బావి వైపునుంచి వచ్చాం.

ఒక్క సంగతే మిగిలింది.

గొంతులు గుర్తుపడతాడని ఎవరూ నోరు విప్పకూడదనుకున్నాం. ఎవరూ విప్పలేదు. తర్వాత ఒకరి చేత ఒకరం ఒట్లు కూడా వేయించుకున్నాం. ఆ మాట మాత్రం అందరికీ వినబడింది. ఫింటన్‌ని "ఫిన్నూ" అని పిలిచే మనిషి ఊళ్ళో ఒక్కతే ఉండేది... ఆమె శవపేటికకి నేనూ భుజం పట్టాను.

నిన్న చూస్తే ఫింటన్ ఆ గేటుని బురదలోంచి లాగి కడుగుతున్నాడు, మళ్ళీ పెడతాడో ఏమో. దారి ఊరిదా, అతనిదా? జవాబు మాకు చెప్పుకుంటాడో, ఆమెకి చెప్పుకుంటాడో అతనిష్టం. మేం పెట్టిన గడువు మాత్రం మార్టిన్ పండుగ — నవంబరు పదకొండు.